కళ్ళ కాగితం

జూన్ 3

బుల్లెమ్మకు మీ వదిన ఆశీస్సులు.

మేం క్షేమంగా చేరి పదకొండు రోజులైంది. ఇన్నాళ్ళూ రాయలేదని మూతి ముడుచుకుని ఉంటావు. పెట్టెలు విప్పేసరికే నా నడుం పడిపోయింది. ఫోనొకటి ఉంది గానీ అది కింద ఆఫీసు గదిలో, గుమస్తా ఎదురుగా. ఆవిడకి మన భాష ఒక్క ముక్క రాదు, అయినా ఆ ముఖం చూస్తూ నాకు మాట పెగలదు. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం.

మిషను వాళ్ళు మాకిచ్చినవి ప్రార్థన మందిరం పైన రెండు గదులు. మెట్లు ఇరవై రెండు. కిటికీ తెరిస్తే ఎదురుగా టైర్లు బాగుచేసే షాపు. బస్సు డ్రైవరుగా రిటైరైనవాడికి అంతకన్నా మంచి దృశ్యం ఏం కావాలి? మీ అన్నయ్య రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని వాళ్ళ పనికి వంకలు పెడుతుంటారు.

పొద్దున్నే ప్రార్థన. తర్వాత హాలు ఊడ్చి కుర్చీలు వేయడం, చినిగిన పాటల పుస్తకాలు అతికించడం. పది నుంచి ఇళ్ళకి వెళ్ళడం. మంచం పట్టినవాళ్ళు, ఒంటరివాళ్ళు, అందరూ మా వయసువాళ్ళే. ముసలివాళ్ళని పలకరించడానికి ముసలివాళ్ళని పంపించారేమిటని నవ్వకు. శనివారం సంఘ పెద్దకి రిపోర్టు: ఎన్ని ఇళ్ళు, ఎన్ని ప్రార్థనలు. హాస్టల్లో ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా, నా రిపోర్టు చూసి ఆయన నోరు తెరిచాడు.

ఆదివారాలు నడవలేనివాళ్ళని వ్యానులో తీసుకొస్తారు మీ అన్నయ్య. స్టీరింగు పట్టుకున్నాక ఆ మనిషికి పదేళ్ళు తగ్గాయి. ఇంట్లో మాత్రం గుమ్మాలకి గుద్దుకుంటున్నారు. నిన్న పక్కనుంచి మంచినీళ్ళు అందిస్తే చెయ్యి తగిలించి గ్లాసు పడేశారు. కొత్త ఇల్లు కదా, ఇంకా అలవాటు పడలేదు. నేనే ముందు నడుస్తూ "మెట్టు, గుమ్మం" అని కండక్టరులా అరుస్తున్నాను.

కంటి ఆసుపత్రిలో నీ పని ఎలా ఉంది? వేళకి తింటున్నావా?

మీ వదిన

జూన్ 20

వదినకు నమస్కారం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను బాగానే ఉన్నాను. మీ ఇంటికి వారానికోసారి వెళ్ళి కిటికీలు తెరిచి వస్తున్నాను. ఆసుపత్రిలో పని ఊపిరాడనివ్వడం లేదు. చూపు పరీక్ష చేసేది ఇద్దరమే, రెండో ఆమె కాన్పుకి వెళ్ళింది.

ఒక సంగతి. అన్నయ్య వ్యాను నడుపుతున్నాడా? వెళ్ళేముందు నాతో నడపనన్నాడే! పక్కన కూర్చుని దారి చూపిస్తా, నడిపేవాళ్ళు వేరే ఉంటారని చెప్పాడు. పరాయి దేశం, అలవాటు లేని రోడ్లు. అరవయ్యేడేళ్ళు వచ్చాయి. సంఘంలో వయసులో ఉన్నవాళ్ళు లేరా?

కళ్ళలో చుక్కల మందు రెండు పూటలా వేసుకుంటున్నాడా? అది మానకూడదు వదినా. ఒక్కరోజు కూడా మానకూడదు. నువ్వే దగ్గరుండి వెయ్యి. గుమ్మాలకి గుద్దుకోవడం ఏ వైపునో కాస్త చూసి రాయి.

బుల్లి

జూలై 12

బుల్లెమ్మకు,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకి వినిపించాను. వినిపించకపోవలసింది. "దానికి నా మీద నమ్మకం లేదన్నమాట" అని ముఖం మాడ్చుకున్నారు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపి కోడిపిల్లని కూడా తొక్కని మనిషి ఆయన. నిన్ను ఎత్తుకుని పెంచిన అన్నయ్యే కదా! అయినా నడపనని నీతో ఎప్పుడన్నారు? మిషను వాళ్ళు మమ్మల్ని తీసుకున్నదే డ్రైవరు కావాలని. లేకపోతే ఈ వయసులో మా ముఖాలు చూసి ఎవరు రమ్మంటారు?

చుక్కల మందు అయిపోయింది. "కళ్ళు పొడిబారితే వేసుకునేది, ఇక్కడ గాలిలో తేమ ఉంది, అక్కర్లేదు" అన్నారు. నువ్వు దానికంత గోల చేస్తావేం?

నీకొకరి గురించి చెప్పాలి. మేం వెళ్ళే ఇళ్ళలో ఒక దర్జీ ఆవిడ ఉంది. డెబ్భై దాటాయి. తుంటి అరిగిపోయి చేతికర్రతో నడుస్తుంది. కుట్టు మిషను మాత్రం ఆపదు. వచ్చినవాళ్ళు ప్రార్థన చేసి పోతే ఆవిడకి నచ్చదు, బొత్తాలు కుట్టి పోవాలి. నాకు వాళ్ళ భాష నేర్పుతోంది. సూది, దారం, గుడ్డ, ఆకలి, వాన. నా ఉచ్చారణ వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. కూతురు అదే ఊళ్ళో ఉండి కూడా రాదట. ఏమైందని అడిగేంత భాష నాకింకా రాలేదు. నేను తలుపు తడితే ఆవిడ ముఖం ఎలా వెలిగిపోతుందో చూడాలి నువ్వు. హాస్టల్ నుంచి రిటైరయ్యాక నన్ను చూసి ఎవరి ముఖమూ అలా వెలగలేదు.

వ్యానుకి ఎడమ పక్క అద్దం విరిగింది. గేటు ఇరుకంటారు మీ అన్నయ్య. నిజమే, ఇరుకే.

మీ వదిన

జూలై 29

వదినా,

ఈ ఉత్తరంతో పాటు చిన్న పార్సిల్ వస్తుంది. అందులో మూడు నెలలకి సరిపడా చుక్కల మందు ఉంది. అది పొడి కళ్ళకి కాదు. దయచేసి వేయించు. వీలైతే అక్కడి కంటి డాక్టరుకి ఒకసారి చూపించు. ఊరికే అక్షరాలు చదివిస్తే చాలదు, పక్క చూపు కూడా చూడమను. పక్క చూపు అని గట్టిగా అడుగు.

అంటించిన కవరు అన్నయ్యకి. అది ఆయనకే ఇవ్వు, నువ్వు చదవకు. ఏమీ అనుకోవద్దు.

వ్యాను తాళాలు కొన్నాళ్ళు ఎవరికైనా ఇచ్చేయమను వదినా. ఇంతకన్నా నన్నేం అడగకు.

బుల్లి

ఆగస్టు 24

బుల్లెమ్మకు,

నీ కవరు ఇచ్చాను. మీ అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి చదివి, నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశారు. ఆదివారం వాక్యం చదవమని పెద్దాయన అడిగితే గొంతు బాగోలేదన్నారు. చుక్కల మందు సీసాలు ఎక్కడ పెట్టారో కనిపించలేదు. డాక్టరు మాటెత్తితే, "నా కళ్ళు నా చెల్లెలే చూసింది, మిషనుకి కళ్ళ కాగితం ఇచ్చింది, ఇంకెవరు చూడాలి?" అన్నారు. నిజమే కదా? నువ్వు చూసే కదా కాగితమిచ్చావు? ఇప్పుడు డాక్టరు దగ్గరికి పొమ్మంటావేం?

నాకు అర్థమైంది చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఒంటరిగా ఉండలేకపోతున్నావు. మొగుడు పోయాక నీకు మేమే దిక్కని తెలుసు. మమ్మల్ని ఎలాగైనా వెనక్కి రప్పించాలని ఆయన వయసు గురించీ, కళ్ళ గురించీ భయపెడుతున్నావు. మా పెళ్ళయినప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా నువ్వున్నావు బుల్లెమ్మా. నేనెన్నడూ కాదనలేదు. మిషను మాకిచ్చిన ఈ ఒక్క ఏడాదిన్నరా మాది. మమ్మల్ని పరిచర్య చేసుకోనివ్వు.

దర్జీ ఆవిడ నాకొక జాకెట్టు కుట్టి ఇచ్చింది. చంకల దగ్గర బిగుతుగా ఉంది. అయినా ఆదివారం అదే వేసుకున్నాను.

వదిన

సెప్టెంబర్ 10

వదినకు,

ఉత్తరం అందింది. మీ మధ్య ఉన్నందుకు క్షమించు.

నీకు ఇంకొకటి రాయాల్సి ఉంది. నాలుగు పేజీలు రాశాను కూడా. నీ ఉత్తరం చదివాక పోస్టు చేయడానికి చెయ్యి రాలేదు. ఇక ఆ సంగతి ఎత్తను. మీ ఇంటి కిటికీలు తెరిచి వస్తూనే ఉన్నాను. పైకప్పు ఒకచోట కారితే బాగుచేయించాను.

ఇద్దరూ ఆరోగ్యం జాగ్రత్త.

బుల్లి

అక్టోబర్ 9

బుల్లెమ్మా,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోను చేయలేకపోయాను. నీ గొంతు వినాలని లేదు.

మొన్న ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి వ్యాను వచ్చి హాలు ముందు ఆగింది. నేను గుమ్మంలో నిలబడి కుర్చీలు మడత విప్పుతున్నాను. వ్యానులోంచి నలుగురు దిగారు. దర్జీ ఆవిడ ఆఖరున ఎడమ తలుపులోంచి దిగింది. నన్ను చూసి చెయ్యూపింది. రెండడుగులు ముందుకి వేసేసరికి చేతికర్ర జారి చక్రం దగ్గర పడింది. తీసుకోవడానికి వంగింది.

మీ అన్నయ్య వ్యాను పక్కకి పెట్టడానికి ముందుకి కదిలించారు.

నేను అరిచాను. ఆయన నా వైపు చూసి, త్వరగా తీయమంటున్నాననుకుని, చెయ్యెత్తి సరే అన్నారు. ఆ చెయ్యెత్తడం నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. జనం కేకలు విని దిగి, "ఏమైంది? అడ్డం ఎవరూ లేరు కదా, ఎవరూ లేరు కదా" అంటూ చుట్టూ తిరిగారు. ఆవిడ ఆయన కాళ్ళ పక్కనే ఉంది. నేను ఆయన తల పట్టుకుని తిప్పితే గానీ చూడలేదు.

అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయింది. ఆవిడ తల నా ఒళ్ళోనే ఉంది.

పోలీసులు మీ అన్నయ్యని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. గంటన్నర పరీక్ష చేశారు. సంఘంలో ఒక బడి పంతులమ్మకి ఇంగ్లీషు వచ్చు. ఆవిడ నాకు అర్థమయ్యేలా చెప్పింది. నీటికాసుల జబ్బట. మొదలై ఆరేడేళ్ళయి ఉంటుందట. రెండు పక్కలా చూపు పూర్తిగా పోయింది, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనపడుతుంది. "ఇలాంటి మనిషికి బండి ఎవరిచ్చారు?" అని డాక్టరు అడిగాడు.

మిషను ఆఫీసు నుంచి ఆరోగ్య ఫారం తెప్పించారు. అందులో కళ్ళ కాగితం ఉంది. పక్క చూపు సరిగ్గా ఉందని అంకెలు. కింద డాక్టరు సంతకం. అంకెలు నీ చేతిరాత. నువ్వు వేసే ఏడు అంకె నాకు తెలియదా?

విచారణలో మీ అన్నయ్య ఏం చెప్పారో తెలుసా? "మా చెల్లెలికేమీ తెలియదు. నేనే అక్షరాల బోర్డు బట్టీపట్టి దాన్ని మోసం చేశాను" అన్నారు. అక్షరాలు ఎదురుగా ఉంటాయి, ఆయనకి అవి కనపడుతూనే ఉన్నాయి. బట్టీ పట్టాల్సిన పనేముంది? నీ జూలై ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పక్క చూపు అని గట్టిగా అడగమన్నావు.

నీకు తెలుసా, తెలియదా? అటూ ఇటూ తిప్పకుండా రాయి.

మీ అన్నగారి భార్య

అక్టోబర్ 25

వదినా,

తెలుసు.

ఆ రోజు అన్నయ్య బోర్డు మీద ఆఖరి వరస దాకా గడగడా చదివాడు. తర్వాత చుక్కల పరీక్షకి కూర్చోబెట్టాను. గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కాలి. మధ్యలో వెలిగినవాటికి నొక్కాడు. పక్కల ఎన్ని వెలిగినా చెయ్యి కదల్లేదు. యంత్రం ఆగిపోయాక, "మొదలెట్టు మరి, ఎంతసేపు?" అన్నాడు. ఇంకా మొదలే కాలేదనుకున్నాడు వదినా.

నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. నాలుగేళ్ళ కిందటే ఇంకో ఊళ్ళో ఒక డాక్టరు చెప్పాడట. నీకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. అప్పటి నుంచీ పొడి కళ్ళకని నీకు చెప్పి ఆ మందు వేసుకుంటున్నాడు.

"బుల్లీ, రిటైరయ్యాక నేను ఎవరికీ అక్కర్లేదు. గోడ చూస్తూ కూర్చుంటున్నా. మీ వదిన ఈ ప్రయాణం కోసం ఎంత ఎదురుచూస్తోందో తెలుసా? ఈ కాగితం మీద కాదంటే ఇద్దరం ఆగిపోతాం" అన్నాడు.

"వెళ్ళు, కానీ బండి ఎక్కకూడదు" అన్నాను.

"ఎక్కను. నీ తలమీద చెయ్యేసి చెప్తున్నా. వేరే డ్రైవరుని పెట్టమంటా" అన్నాడు.

నిజంగానే తలమీద చెయ్యి వేశాడు. నాన్న పోయిన ఏడాదే పంతొమ్మిదేళ్ళకి లారీ ఎక్కి నన్ను చదివించిన చెయ్యి అది. అప్పటిదాకా నన్ను ఏదీ అడగలేదు. బాగా చూపున్న వేరే ఒకామె అంకెలు అన్నయ్య కాగితంలో రాసి, మధ్యాహ్నం సంతకాల కట్టలో పెట్టాను. డాక్టరు చూడకుండా సంతకం పెట్టారు. నన్ను నమ్మి ఎప్పుడూ అలాగే చేస్తారు.

వ్యాను నడుపుతున్నాడని నువ్వు రాసిన రోజే నీకు చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని భయం. అన్నయ్య నీ ముందు తలెత్తుకోలేడని ఇంకో భయం. తర్వాత నీ మాటలకి రోషం వచ్చింది. నాలుగు పేజీలు రాసి చించేసింది ఆ రోషంతోనే. ఆ ఉత్తరం వేసి ఉంటే అది నీకు సెప్టెంబర్ నెలాఖరుకే అందేది. రోజులు లెక్కపెట్టి చూసుకున్నాను.

నిన్న పెద్ద డాక్టరుకి అంతా చెప్పేశాను. నా దగ్గరున్న పరీక్ష గది తాళాలు తీసేసుకుని నన్ను ఇంటికి పొమ్మన్నారు. జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, ఆసుపత్రిలోనే సాక్షి సంతకాలు చేయించాను. ఆ కాగితం దీంతోపాటు ఉంది. విచారణ చేసేవాళ్ళకి ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం. అన్నయ్య వద్దంటాడు. నన్ను కాపాడాలని చూస్తాడు. వినకు.

ఆవిడ గురించి అడిగే ముఖం నాకు లేదు. కూతురు వచ్చిందా?

బుల్లి

జనవరి 17

బుల్లెమ్మకు,

తీర్పు వచ్చి నెల దాటింది. అంతా వరసగా రాస్తాను.

నీ కాగితం వచ్చిన రోజు మీ అన్నయ్యకి చదివి వినిపించాను. అప్పటికి ఆయన్ని ఇంట్లోనే ఉంచారు, ఊరు దాటకూడదన్నారు. వింటూ వింటూ నా చేతిలోంచి లాక్కోబోయారు. కాగితం దొరకలేదు, గాలిలో చెయ్యి తడుముకుంది. "దాని బతుకు పాడు చేయకు. నేను ముసలివాణ్ణి, అంతా నా మీదే పోనీ" అని నా కాళ్ళు పట్టుకున్నారు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆ మనిషి నా ముందు వంగడం అదే మొదలు. నాకు జాలి వేయలేదు. ఎందుకు వేయలేదా అని తర్వాత చాలాసేపు ఆలోచించాను.

వారం రోజులు కాగితం పెట్టె అడుగునే పెట్టాను. ఇద్దామని రెండుసార్లు పోలీసు స్టేషను దాకా వెళ్ళి తిరిగొచ్చాను. అది ఇస్తే నీ మీద కేసు. ఇవ్వకపోతే ఆయన చెప్పిన అబద్ధం అలాగే నిలబడుతుంది, నువ్వు ఏమీ తెలియని చెల్లెలివిగా మిగిలిపోతావు.

ఎనిమిదో రోజున దర్జీ ఆవిడ కూతురు వచ్చింది. పంతులమ్మని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, ఏదో ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. నేను కుర్చీ వేశాను, కూర్చోలేదు. మీ అన్నయ్య లేచి నిలబడి చేతులు జోడించి, ఆమె ఎటువైపు ఉందో తెలియక తలుపుకి దణ్ణం పెట్టారు. ఆమె ఆయన వైపు చూడనే లేదు. నన్నే చూస్తూ ఏదో అడిగింది.

"మీ ఆయనకి కనపడదని ఆయనకి తెలుసా అని అడుగుతోంది" అంది పంతులమ్మ.

ఆయన నా వైపు తల తిప్పారు. మాట్లాడొద్దని కాదు, నేనేం చెప్తానో వినడానికి.

"తెలుసు" అన్నాను. "నాలుగేళ్ళుగా తెలుసు. కాగితం రాసిన చెల్లెలికి కూడా తెలుసు."

పంతులమ్మ నెమ్మదిగా చెప్పింది. కూతురు తల ఊపింది. మళ్ళీ ఒక మాట అడిగింది. పంతులమ్మ నా వైపు తిరిగింది.

"మీకు తెలుసా అంటోంది."

బుల్లెమ్మా, తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను. పోలీసులకి అదే చెప్పాను, నీకూ అదే రాశాను. జబ్బు పేరు నాకు తెలియదు, అది నిజమే. కానీ ముప్పై ఏళ్ళు ఆడపిల్లల్ని కాసినదాన్ని నేను. ఏ పిల్లకి జ్వరమో నడక చూసి చెప్పేదాన్ని. కట్టుకున్న మనిషి గ్లాసులు పడేస్తుంటే, గుమ్మాలకి గుద్దుకుంటుంటే, అద్దాలు విరగ్గొడుతుంటే నాకు తెలియలేదా? రోడ్డు మీద చెయ్యి పట్టుకుని నడిపించడం ఎప్పుడు మొదలెట్టానో నాకే గుర్తులేదు. అడిగితే తెలిసిపోతుందని అడగలేదు. తెలిస్తే పెట్టెలు సర్దుకుని ఇంటికి రావాలి. వచ్చి ఏం చేయను? ఇక్కడ తలుపు తడితే నా కోసం ఎదురుచూసే మనుషులున్నారు. అందుకని నీ మీద అరిచాను. నువ్వు మందు పంపితే నీ ఒంటరితనాన్ని ఎత్తిపొడిచాను.

"తెలుసు" అన్నాను ఆమెతో. "చూడకుండా ఉన్నాను."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. వాళ్ళమ్మ దగ్గర బట్టలు కుట్టడానికి ఇచ్చినవాళ్ళు వచ్చి అడుగుతున్నారట, ఎవరివేవో తెలియడం లేదట. నాకు తెలుసేమో వచ్చి చూడమంది. వెళ్ళాను. నాలుగు సాయంత్రాలు ఇద్దరం నేలమీద కూర్చుని సగం కుట్టిన బట్టలు విడదీశాం. ఆమె పదేళ్ళుగా తల్లితో మాట్లాడలేదని పంతులమ్మ చెప్పింది. ఏ గొడవో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆఖరి రోజున, ఇక రావద్దని చేత్తో సైగ చేసింది.

మర్నాడే నీ కాగితం స్టేషన్లో ఇచ్చాను. నా మాటలు కూడా రాయించుకోమన్నాను.

మీ అన్నయ్యకి ఏడాదిన్నర జైలు వేశారు. తెలిసీ నడిపినందుకు. వయసు చూసి తగ్గించామన్నారు. నన్ను మందలించి వదిలేశారు. మిషను వాళ్ళు నా సేవ ముగిసిందని ఉత్తరమిచ్చి పేరుబిళ్ళ తీసుకున్నారు. ఇంటికి టికెట్టు ఇస్తామన్నారు, నేను వెళ్ళనన్నాను. పంతులమ్మ ఇంట్లో వెనక గది ఇచ్చింది. బుధవారాలు ఆయన్ని చూడనిస్తారు. అక్కడి డాక్టరు చుక్కల మందు వేయిస్తున్నాడు, ఉన్న కాస్త చూపూ పోకుండా ఉంటే గొప్పే అన్నాడు.

మొదటి మూడు బుధవారాలు ఆయన నాతో మాట్లాడలేదు. చెల్లెల్ని పట్టించినదాన్నని కోపం. నాలుగోవారం, "బుల్లిని కోర్టుకి పిలిచారా?" అన్నారు. పిలిచారని పోలీసులు చెప్పారన్నాను, నీ ఉద్యోగం పోయిందని కూడా చెప్పాను. బల్ల మీద చెయ్యి రాశారు. తర్వాత, "ఆవిడ పేరేమిటి? వారం వారం ఎక్కించుకున్నాను, ఒక్కనాడూ అడగలేదు" అన్నారు. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నారు. సరిగ్గా రాలేదు. మళ్ళీ చెప్పాను.

నీ మీద నాకు కోపం పోలేదు, నా మీద నాకెంత ఉందో అంతే ఉంది. క్షమించమని రాయకు, క్షమించానని నేనూ రాయను. అది మన ఇద్దరి చేతుల్లో ఉన్నది కాదు. ఆ కూతురు మందిరానికి రావడం లేదు, నేనూ ఆమె ఇంటికి వెళ్ళడం లేదు. సంతలో ఒకసారి ఎదురుపడితే ఆగింది, నేనూ ఆగాను, తర్వాత ఎవరి దారిన వాళ్ళం పోయాం.

కోర్టులో నీకేమైనా సరే, దాచకుండా రాయి. మంచిగా మార్చి రాయకు. ప్రతి ఉత్తరం బుధవారం ఆయనకి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తాను, నన్ను తిట్టినవి కూడా.

వదిన